కారు సర్వీసింగ్: ఏది మన చేతిలో, ఏది షెడ్డులో

ముందు నా తీర్పు చెప్పేస్తాను. ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు, బ్యాటరీ ఆలనాపాలనా ఇంటి దగ్గరే చేసుకోవచ్చు, చేసుకోవాలి కూడా. బ్రేకులు, క్లచ్చు, సస్పెన్షన్, ఏసీ గ్యాస్, వీల్ అలైన్‌మెంట్ షెడ్డుకే ఇవ్వాలి. పైకి చూస్తే తేలిక పనులు మనవి, కష్టమైనవి మెకానిక్‌వి అన్నట్టు కనిపిస్తుంది. నేను గీత గీసుకున్నది అలా కాదు. పని పూర్తయ్యాక అది నిజంగా జరిగిందో లేదో నా అంతట నేను తేల్చుకోగలనా అన్నదే నా కొలబద్ద. తేల్చుకోగలిగిన పనికి సంతోషంగా డబ్బు కడతాను. తేల్చుకోలేని పని నేనే చేసుకుంటాను.

హనుమకొండలో ఉంటూ పరకాల వైపు ఒక ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిగా పనిచేస్తున్నాను. కారు 1200 సీసీ పెట్రోలు బండి, బీఎస్-4 కాలుష్య ప్రమాణాల కాలం నాటిది. కంపెనీ పేరు చెప్పడం లేదు, ఎందుకంటే ఇక్కడ రాసేవి ఈ తరగతి పెట్రోలు కార్లకు దాదాపు అన్నిటికీ వర్తిస్తాయి. వారంటీ ఉన్నంతకాలం కంపెనీ సర్వీస్ సెంటర్‌లో, తర్వాత ఆటోనగర్‌లోని ఒక షెడ్డులో, ఇప్పుడు సగం ఇంట్లో, సగం షెడ్డులో. మూడు పద్ధతులనూ ఏళ్ల తరబడి చూశాను కాబట్టి పోల్చి చెప్పగలను.

నా దారి గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే సర్వీసింగ్ అవసరం బండిని బట్టి ఎంతో, రోడ్డును బట్టి అంత. ములుగు రోడ్డు ఎక్కి ఆరెపల్లి దాటి, గుడెప్పాడు దగ్గర పరకాల వైపు తిరుగుతాను. భూపాలపల్లి నుంచి వచ్చే బొగ్గు లారీలు, గోదావరి ఇసుక లారీలు ఈ దారిలోనే నడుస్తాయి. పత్తి తీతలు మొదలయ్యాక వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పోయే ట్రాక్టర్లు, వ్యాన్ల వెనక పడితే గాలిలో దూది రేణువులు కంటికే కనిపిస్తాయి. ఎండాకాలం సంగతి ఉత్తర తెలంగాణ వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. కారుతో ఇచ్చే పుస్తకంలో పదివేల కిలోమీటర్లకు ఒకసారి ఆయిల్ మార్చమని ఉంటుంది. అదే పుస్తకంలో ఇంకో పట్టిక కూడా ఉంటుంది: దుమ్ము రోడ్లు, తక్కువ దూరాల ప్రయాణాలు, ఆగి ఆగి నడిచే ట్రాఫిక్ ఉంటే అంతకంటే ముందే మార్చాలని. ఈ రెండో పట్టికను చాలామంది తెరిచి చూడరు. మన రోడ్ల మీద తిరిగే బండికి రెండోదే అసలు పట్టిక.

కంపెనీ సర్వీస్ సెంటర్ల మీద నాకు గుడ్డి కోపం లేదు. వారంటీ ఉన్నన్నాళ్లు అక్కడికే వెళ్లండి, ఇందులో రెండో మాట లేదు. కంపెనీ ఏదైనా భాగాన్ని వెనక్కి పిలిపించి ఉచితంగా మారుస్తుంటే అది తెలిసేది అక్కడే. విడిభాగాలు అసలువే పడతాయి. బండి అమ్మేటప్పుడు కొనేవాళ్లు సర్వీసు చరిత్ర అడుగుతారు, అది కంప్యూటర్‌లో భద్రంగా ఉంటుంది. నాకు నచ్చనిది అక్కడి ఏర్పాటు. బండి లోపలికి పోతుంది, మనం అద్దాల గదిలో కూర్చుంటాం, సాయంత్రానికి బిల్లు వస్తుంది. ఆ బిల్లులో మనం అడిగినవాటికంటే అడగనివే ఎక్కువ: ఇంజన్ ఫ్లషింగ్, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల క్లీనింగ్, ఇంజన్‌లోకి గాలి వెళ్లే థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఏసీ దుర్వాసన పోగొట్టే స్ప్రే, అడుగు భాగానికి పూత. ఇవి ఎప్పుడూ పనికిరావని కాదు. థ్రాటిల్ దగ్గర మసి పేరుకుని బండి నిలకడగా నడవకపోతే శుభ్రం చేయాల్సిందే. కానీ ఏ ఇబ్బందీ లేని బండికి ప్రతి సర్వీసులోనూ ఎందుకు? ఈ ప్రశ్న అడిగితే ఒక సలహాదారు నాకిచ్చిన జవాబు, "సార్ రాలేదా మేడమ్? సార్‌తో ఒకసారి మాట్లాడతాను" అని. కారు నా పేరు మీద ఉంది, నడిపేది నేను, డబ్బు కట్టేది నేను. ఆ మాట నన్ను చాలా నొప్పించింది. పానా పట్టుకోవడం నేర్చుకోవాలన్న పట్టుదల అక్కడ మొదలైంది.

అయితే నిజంగా నా మనసు మార్చింది ఏసీ ఫిల్టర్. డ్యాష్‌బోర్డులో ఎడమవైపు అర ఉంటుంది కదా, దాన్ని రెండు పక్కలా లోపలికి నొక్కితే కిందికి వాలుతుంది. వెనక ఒక సన్నని మూత, దాన్ని లాగితే పుస్తకమంత వెడల్పున మడతలు మడతలుగా ఫిల్టర్ బయటికొస్తుంది. ఏ పనిముట్టూ అక్కర్లేదు, అయిదు నిమిషాల పని. ఒకసారి సర్వీసుకు ఇచ్చే ముందు రోజు దాన్ని తీసి చూశాను. మడతల మధ్య ఎర్రటి దుమ్ము, దాని మీద దూది పోగులు పొరగా అట్టకట్టి ఉన్నాయి, ఒక మూల ఎండిన వేపాకులు. అంచు మీద పెన్నుతో చిన్న గుర్తు పెట్టి మళ్లీ లోపలికి తోశాను. మర్నాడు బిల్లులో ఏసీ ఫిల్టర్ మార్చినట్టు ఉంది, దాని ధర ఉంది, మార్చినందుకు కూలీ ఉంది. ఇంటికొచ్చి అర తెరిస్తే నా గుర్తు, ఆ దూది, ఆ వేపాకులు అన్నీ యథాతథంగా ఉన్నాయి. మళ్లీ వెళ్లి చూపిస్తే పొరపాటు జరిగిందన్నారు, డబ్బు తిరిగిచ్చారు, మర్యాదగానే మాట్లాడారు. కావాలని చేశారని నేను అనను. ఒక్క రోజులో అన్ని బళ్లు చూసే చోట ఒకటి మరిచిపోవచ్చు. కానీ గుర్తు పెట్టకపోయి ఉంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఫిల్టర్‌కైతే గుర్తు పెట్టగలిగాను. ఇంజన్‌లో పోసిన ఆయిల్‌కు ఏ గుర్తు పెట్టగలను?

అందుకే ఆయిల్ మార్పు నా చేతి పనుల్లో మొదటిది. పోసేశాక అది ఏ రకమో, పాతది పూర్తిగా దిగిందో లేదో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆయిల్‌లో ముంచి చూసే డిప్‌స్టిక్ మట్టం చెబుతుంది కానీ నాణ్యత చెప్పదు. ఇంజన్ ఆయుష్షు మాత్రం మొత్తం దాని మీదే ఉంది.

మా పోర్టికోలో నేల సమంగా ఉంది, అదొక అదృష్టం. ఆదివారం పొద్దున ఇంజన్‌ను కొద్ది నిమిషాలు నడిపిస్తాను. గోరువెచ్చగా ఉంటే ఆయిల్ పలచబడి బాగా దిగుతుంది, మరీ వేడిగా ఉంటే చేతులు కాలతాయి. బండితో వచ్చే కత్తెర జాకీ టైరు మార్చడానికే. దాని ఆధారంతో బండి కిందికి తల కూడా పెట్టకూడదు. నేను హైడ్రాలిక్ జాకీతో లేపి, రెండు యాక్సిల్ స్టాండ్లు పెట్టి, వెనక టైర్లకు అడ్డుచెక్కలు వేసి, బండిని చేత్తో గట్టిగా ఊపి చూశాకే కిందికి వెళతాను. ఇంట్లో ఎవరో ఒకరు ఉన్నప్పుడే ఈ పని చేస్తాను. ఈ ఒక్క విషయంలో బద్ధకం, ధీమా రెండూ పనికిరావు.

ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టికి ఉన్న బోల్టును రింగు పానాతో వదులు చేసి, చివరి మరలు చేత్తో విప్పి చటుక్కున పక్కకు తీయాలి. నల్లటి ధార వెడల్పాటి పళ్లెంలో పడుతుంది, క్రమంగా సన్నబడి చుక్కలవుతుంది. ఆ చుక్కలు ఆగేదాకా ఓపిక పట్టడమే ఇంటి పనిలోని అసలు లాభం. నేను అర్ధగంట వదిలేస్తాను. గంటకు ఇన్ని బళ్లని లెక్క ఉన్నచోట ఇది కుదరదు. నల్లగా వచ్చిందని కంగారుపడనక్కర్లేదు, మసిని తనలో కలుపుకోవడం ఆయిల్ చేయాల్సిన పనే. పాలు కలిపిన కాఫీ రంగులో వస్తే మాత్రం ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్ కలుస్తున్నట్టు, వెంటనే మెకానిక్ దగ్గరికి పోవాలి. వేళ్ల మధ్య రుద్దితే మెరిసే లోహపు రజను తగిలినా అంతే.

బోల్టు కింద ఉండే మెత్తటి వాషర్‌ను ప్రతిసారీ కొత్తది వేస్తాను. కొన్ని రూపాయల వస్తువు అది. పాతదాన్నే వేసి, కారకుండా ఉండేందుకు బోల్టును బలంకొద్దీ బిగించడం షెడ్డుల్లో మామూలు. తొట్టి అల్యూమినియందైతే మరలు అరిగిపోతాయి, అప్పుడు తొట్టి మొత్తం మార్చాల్సి వస్తుంది. ఆయిల్ ఫిల్టర్ విప్పాక దాని రబ్బరు రింగు ఇంజన్‌కే అంటుకుని ఉండిపోలేదు కదా అని వేలితో తడిమి చూడాలి. పాత రింగు మీద కొత్త ఫిల్టర్ ఎక్కిందా, ఇంజన్ స్టార్ట్ చేయగానే ఆయిల్ అంతా చిమ్మేస్తుంది. కొత్త రింగుకు కొంచెం ఆయిల్ రాసి, చేత్తో తిప్పి, రబ్బరు తగిలాక ముప్పావు చుట్టు బిగిస్తే చాలు. నా బండికి ఫిల్టర్‌తో కలిపి మూడు లీటర్ల పైచిలుకు పడుతుంది. కొంచెం తక్కువే పోసి, ఒక నిమిషం ఇంజన్ నడిపి ఆపి, కిందికి దిగాక డిప్‌స్టిక్ చూసి మిగతాది కలుపుతాను. రెండు గీతల మధ్య పైగీతకు దగ్గరగా ఉండాలి. పైగీత దాటడమూ మంచిది కాదు.

ఏ ఆయిల్ అన్న దగ్గర మన ప్రాంతంలో ఒక నమ్మకం బలంగా ఉంది: ఎండలు ఎక్కువ కాబట్టి చిక్కటి ఆయిల్ వేయాలని. షెడ్డుల్లో 20డబ్ల్యూ-50 చేతికిచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పాత అంబాసిడర్ల కాలానికి ఆ మాట సరిపోయింది. ఇప్పటి ఇంజన్లలో ఆయిల్ దారులు సన్నం, వాల్వుల సమయాన్ని మార్చే ఏర్పాటు కూడా ఆయిల్ ఒత్తిడి మీదే నడుస్తుంది. పైగా బయట ఎండ నలభై అయిదున్నా ముప్ఫై ఉన్నా, వేడెక్కిన ఇంజన్‌ను థర్మోస్టాట్, ఫ్యాను కలిసి దాదాపు ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఉంచుతాయి. కాబట్టి 5డబ్ల్యూ-30 అని పుస్తకంలో ఉంటే అదే వేయాలి, 0డబ్ల్యూ-20 అని ఉంటే అదే. ముందున్న అంకె చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత చురుగ్గా పారుతుందో చెబుతుంది, రెండోది వేడి మీద దాని చిక్కదనం. ఇంజన్‌లో ఎక్కువ అరుగుదల జరిగేది పొద్దున స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో కాబట్టి మొదటి అంకెను కూడా తేలిగ్గా తీసుకోకూడదు.

ఎయిర్ ఫిల్టర్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. క్లిప్పులు విప్పు, తీయి, వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూడు. వెలుగు కనిపించకపోతే మార్చు. గాలి కొట్టి దులపాలంటే లోపలి వైపు నుంచి బయటికి కొట్టాలి, ఎదురుగా కొడితే దుమ్ము కాగితంలో ఇంకా లోతుకు దిగుతుంది. బ్యాటరీ కూడా అంతే సులువు. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుంటే వేడినీళ్లతో కడిగి, ఆరాక పెట్రోలియం జెల్లీ రాయాలి. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయకండి, ఉప్పు పొర కడుతుంది. డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంటే పోయాలి, అదీ ఇంజన్ పూర్తిగా చల్లారాకే.

ఇంట్లో పని నేర్చుకోవడం వల్ల పనితో పాటు మాట కూడా వచ్చిందని చెప్పడానికి ఒక ఉదాహరణ. ఒక వానాకాలం బండి ఆగి ఆగి కుదుపులతో నడవడం మొదలుపెట్టింది, ఇంజన్ దీపం మిణుకుమంది. దగ్గర్లో ఒకచోట చూపిస్తే ఇంజెక్టర్లన్నీ శుభ్రం చేయాలి, ప్లగ్గులకు కరెంటు అందించే కాయిళ్లు నాలుగూ మార్చాలి అన్నారు. ఖర్చు పదివేలు దాటేలా ఉంది. మన దేశంలో బీఎస్-4 బళ్లలో 2013 నుంచే ఇంజన్ లోపాల కోడ్‌లు చదివే ఓబీడీ-2 సాకెట్ ఉంటుంది, స్టీరింగ్ కింద. దానికి పెట్టే చిన్న బ్లూటూత్ రీడర్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది, ఫోనులో చదువుకోవచ్చు. పెట్టి చూస్తే పీ0301 అని వచ్చింది. మొదటి సిలిండర్‌లో మంట సరిగా అంటుకోవడం లేదని దాని అర్థం. కారణం ప్లగ్గు కావచ్చు, కాయిల్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు. మొదటి సిలిండర్ కాయిల్ విప్పి రెండోదానికి, రెండోది మొదటిదానికి మార్చి బిగించి, పాత కోడ్ చెరిపేసి కాలనీలో ఒక చుట్టు తిరిగి వచ్చాను. ఈసారి పీ0302 వచ్చింది. తప్పు కాయిల్‌తో పాటే కదిలింది, అంటే జబ్బు ఆ ఒక్క కాయిల్‌దే. ఒక్క కాయిల్ కొని వేస్తే బండి మామూలైంది. ఇంజన్ దీపం మిణుకుమిణుకుమంటున్నప్పుడు అలాగే దూరాలు నడపకూడదని కూడా అప్పుడే చదివి తెలుసుకున్నాను. కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు వెళ్లి, పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది, అది కాయిల్ కంటే ఎన్నో రెట్లు ఖరీదు.

ఇక షెడ్డుకు ఇచ్చే పనులు. ఆటోనగర్‌లో నేను వెళ్లే మెకానిక్ అన్నకు పెద్ద బోర్డు లేదు, ఏసీ గది లేదు. ఉన్నదల్లా ఒక ర్యాంపు, ముప్ఫై ఏళ్ల చేతి అనుభవం, పక్కన నిలబడి చూస్తే విసుక్కోని స్వభావం. బ్రేకు ప్యాడ్లు మార్చినప్పుడు పాతవి తీసి నా చేతిలో పెట్టి, "చూడండి మేడమ్, లోపలి వైపుది ఎక్కువ అరిగింది, క్యాలిపర్ పిన్ను బిగుసుకుంది. గ్రీజు పెడితే సరిపోతుంది, కొత్తది అక్కర్లేదు" అన్నాడు. క్యాలిపర్ అంటే ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం. నిజంగానే బయటి ప్యాడ్ మీద ఇంకా మందం ఉంది, లోపలిది ఇనుము దాకా వచ్చింది. ఆ తేడా నా అంతట నేనైతే పట్టుకునేదాన్ని కాదు. ప్యాడ్లు మార్చడం నేర్చుకోలేనంత పని కాదు. కానీ ఆయిల్ మార్పులో తేడా వస్తే ఇంజన్ పోతుంది, బ్రేకులో తేడా వస్తే మనిషి పోతారు. పైగా ఇది తేల్చుకోగలిగిన పని: పాత ప్యాడ్ చేతికొస్తుంది, కొత్త ప్యాడ్ చక్రం సందులోంచి కనిపిస్తుంది, పెడల్ పాదానికి చెబుతుంది.

బ్రేకు ఫ్లూయిడ్ సంగతి మాత్రం మనమే గుర్తుచేసి అడగాలి. చాలా షెడ్డుల్లో మట్టం తగ్గితే నింపడమే తప్ప మార్చడం అలవాటు లేదు. ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీల దగ్గరికి పడిపోవచ్చు. పొడవైన దిగువల్లో, మేడారం జాతర రద్దీలో బ్రేకు మీద కాలు తీయకుండా నడిపినప్పుడు అది మరిగి బుడగలు కడితే పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. రెండేళ్లకు ఒకసారి మార్పించండి. పాతది తేనె రంగు దాటి నల్లబడి ఉంటుంది, సన్న గొట్టంలోంచి కొత్తది తేటగా వచ్చేదాకా నిలబడి చూడవచ్చు.

అలైన్‌మెంట్‌కు ముందూ తర్వాతా కొలతల కాగితం అడిగి తీసుకుంటాను. ఏసీ గ్యాస్‌కు యంత్రం, కొలత రెండూ కావాలి, ఇంట్లో డబ్బాతో ఎక్కించే ప్రయత్నాలు చేయవద్దు. గ్యాస్ తగ్గిందంటే అది ఎక్కడో కారుతోందని అర్థం. కారేచోటు వెతకకుండా గ్యాస్ నింపి పంపే మెకానిక్ దగ్గరికి మళ్లీ వెళ్లను.

చక్రాల నట్ల గురించి ఆడవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. పంచర్ దుకాణాల్లో, సర్వీస్ సెంటర్లలో గాలి గన్నుతో నట్లు బిగిస్తారు. దారి మధ్యలో పంచర్ పడితే డిక్కీలోని చిన్న పానాతో అవి కదలనే కదలవు, మగవాళ్లకు కూడా. పుస్తకంలో నట్లకు ఎంత బిగువు కావాలో న్యూటన్ మీటర్లలో రాసి ఉంటుంది. ఆ కొలతకు సరిగ్గా బిగించే టార్క్ పానా ఒకటి కొనుక్కున్నాను. ఎక్కడ చక్రం విప్పించినా ఇంటికి రాగానే ఒక్కో నట్టూ వదులు చేసి ఆ లెక్కకు మళ్లీ బిగిస్తాను. ఇప్పుడు గుడెప్పాడు దాటాక పంచర్ పడినా స్టెప్నీ నేనే మార్చుకోగలను. ఎవరినో ఆపి అడగాల్సిన పని లేదు, ఈ ధైర్యానికి నేను ఎంతైనా విలువ ఇస్తాను.

డబ్బు లెక్క ఉజ్జాయింపుగా చెబుతాను. ఆయిల్, మూడు ఫిల్టర్లు, తనిఖీలు కలిపి కంపెనీ సెంటర్‌లో నాకు ఏడెనిమిది వేలు అయ్యేది, అడగని పనులు చేరితే ఇంకా పైకి. అవే భాగాలు బిల్లుతో కొనుక్కుని ఇంట్లో వేసుకుంటే మూడు వేల లోపే. విడిభాగాలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి దిగడం కూడా కలిసొచ్చింది. పనిముట్లకు మొదట్లో ఎనిమిది తొమ్మిది వేలు పెట్టాను: హైడ్రాలిక్ జాకీ, స్టాండ్లు, సాకెట్ సెట్టు, రింగు పానాలు, టార్క్ పానా, పళ్లెం. అవి రెండు సర్వీసుల్లోనే రాబట్టుకున్నట్టయింది. అయినా డబ్బు కోసమే అయితే నేను ఈ పని సిఫారసు చేయను. ఆదివారం సగం పూట పోతుంది, గోళ్లలో మడ్డి రెండు రోజులు వదలదు, అపార్టుమెంటు సెల్లార్‌లో చాలామందికి అనుమతి కూడా ఉండదు. అలాంటివాళ్లు ఆయిల్ డబ్బా తామే కొని షెడ్డుకు తీసుకెళ్లి, ఎదుట నిలబడి పోయించుకుంటే అసలు లాభంలో ముప్పావు వంతు దక్కినట్టే.

బయట సర్వీసు చేయిస్తే వారంటీ పోతుందని భయపెడతారు. ఈ భయం వెనక ఎంత వ్యాపారం ఉందో 2014 ఆగస్టులో బయటపడింది. విడిభాగాలను, మరమ్మతు వివరాలను బయటి మెకానిక్‌లకు అందకుండా బిగించి పెట్టారని కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు పేరుతో ఒక పోర్టల్ తెరిచింది, వాహన కంపెనీలు కూడా దాని పరిధిలోకి వచ్చాయి. అయినా వారంటీ కాలంలో వాదన పెట్టుకుని గెలవడం మనలాంటివాళ్లకు ఖరీదైన పని. ఆ కాలం గడిచేదాకా ఆగి, ఆ లోపు ఫిల్టర్లు విప్పి చూడటం, మట్టాలు చదవడం నేర్చుకోండి.

వానల గురించి ఒక హెచ్చరిక. 2023 జూలై చివర భూపాలపల్లి దగ్గర మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగిన రోజుల్లో మా వైపు కాలనీల్లోనూ కార్లు సగం దాకా నీళ్లలో నిలిచాయి. నీళ్లు తగ్గగానే తాళం తిప్పి చూడాలనిపిస్తుంది, అదొక్కటి చేయకూడదు. సిలిండర్‌లోకి నీరు చేరి ఉంటే గాలిలా అది నలగదు, పిస్టన్‌ను ఆపేస్తుంది, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. బ్యాటరీ మైనస్ విప్పి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి తడి ఉందేమో చూడాలి. తడి ఉంటే బండిని లాగించుకుని షెడ్డుకే తీసుకెళ్లాలి. తాళం తిప్పలేదన్న మాట బీమా పరిశీలకుడికి చెప్పగలగడం కూడా ముఖ్యం.

చివరగా పాత ఆయిల్. మూడు లీటర్ల నల్ల ఆయిల్‌ను మోరీలో పోస్తే అది నాలాల గుండా చెరువుల్లోకే చేరుతుంది. వరంగల్ చెరువుల మీద బతికిన ఊరు, ఈ పని ఎవరూ చేయకూడదు. వాడిన ఆయిల్ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. సెంట్రింగ్ చెక్కలకు పూయడానికి, చెదలకు రాయడానికి అడిగేవాళ్లు ఉంటారు, వాళ్లకూ ఇవ్వను, అది మట్టిలోకే దిగుతుంది. పాత ఆయిల్‌కు వేరే డ్రమ్ము పెట్టి, తీసుకెళ్లేవాళ్లకు అప్పగించే షెడ్డులో పోసి వస్తాను. ఖాళీ అయిన కొత్త ఆయిల్ డబ్బాను మాత్రం అలాగే పాత సామాన్ల వాళ్లకు వేయను. పేరున్న కంపెనీ డబ్బాల్లో నాసిరకం ఆయిల్ నింపి మళ్లీ అమ్మేవాళ్లు ఉన్నారు. డబ్బాను కత్తితో నిలువునా చీల్చి, మూతను విడిగా ముక్కలు చేసి, అప్పుడు పడేస్తాను.